తలుపు చాటు పాట

అడిగితే ఘంటసాల అంటాం. ఇయర్‌ఫోన్లో మాత్రం వేరే మోగుతుంటుంది. నచ్చిన పాట పేరు చెప్పుకోవడానికి మనకెందుకంత మొహమాటం? పి.గన్నవరం సెంటర్లో మొదలుపెట్టి ముంగండ దాకా ఒక విచారణ.

పి.గన్నవరం సెంటర్లో నిలబడి ఎవరినైనా "మీకే పాటలంటే ఇష్టమండీ?" అని అడిగి చూడండి. ఘంటసాల, సుశీల, 'శంకరాభరణం', 'సాగరసంగమం' అంటారు. వయసు కాస్త తక్కువైతే ఇళయరాజా. ఎప్పుడో ఎవరో అడుగుతారని ముందే తయారుగా ఉంచుకున్నట్టు గబుక్కున వచ్చే జవాబు అది. ఆ మనిషే కాసేపాగి అక్విడక్టు దాటే షేర్ ఆటోలో కూర్చుని, వెనక స్పీకర్లో మోగే ఐటమ్ సాంగుకి మోకాలి మీద వేలితో తాళం వేసుకుంటుంటాడు. మనం చూశామని తెలిస్తే వేలు ఆగుతుంది. "ఆయ్, ఆటో ఆయన పెట్టాడండి, నాకేటి సంబంధం" అంటాడు. గోదారోళ్ల మర్యాద అది, తప్పు పట్టడానికేం లేదు.

పాటల దగ్గర మనందరికీ రెండు పద్దులుంటాయి. ఒకటి ఊరికి చూపించేది, రెండోది మనకి మాత్రమే తెలిసింది. కాలర్ ట్యూన్ల రోజులొచ్చాక ఈ సంగతి మరీ తేటగా బయటపడింది. మన కాలర్ ట్యూన్ మనకి వినపడదు, ఫోన్ చేసినవాళ్లకే వినపడుతుంది. అందుకని అక్కడ వెంకటేశ్వరస్వామినో, అన్నమయ్యనో, ఏసుప్రభువు పాటనో పెడతాం. ఇయర్‌ఫోన్లో ఏం మోగుతోందో ఇంట్లో వాళ్లక్కూడా తెలీదు. స్పాటిఫై లాంటి యాప్‌లో అయితే ఇందుకోసమని ఒక మీటే పెట్టారు. 'ప్రైవేట్ సెషన్' నొక్కితే మనం వింటున్నది స్నేహితుల కంటబడదు. ప్రపంచమంతా చాటుగా వింటోందని అంత పెద్ద కంపెనీకి తెలిసిపోయిందన్నమాట.

కార్తీకం వస్తే ఇంకో తమాషా. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు నలభై ఒక్క రోజులూ సినిమా పాట ముట్టరు. రాత్రి భజనలో మాత్రం ఆ పాటల వరసలే వినిపిస్తాయి. మాటలు మారతాయి, వరస కదలదు, డోలక్ మరింత జోరందుకుంటుంది. మాటల్ని దీక్షలో పెట్టారు గానీ కాళ్లకి ఎవరూ మాల వెయ్యలేదు. ఎగతాళికి అనడం లేదు. ఒక వరస మనిషి ఒంట్లోకి దిగిందంటే దాన్ని వెళ్లగొట్టడం ఎంత కష్టమో ఇంతకంటే బాగా చెప్పే సాక్ష్యం నాకు కనపడలేదు.

ఆ చేతులే, ఆ గొంతులే

1977 వేసవిలో 'అడవిరాముడు' వచ్చింది. సంగీతం కె.వి.మహదేవన్, పాటలు వేటూరి, గొంతులు బాలు, సుశీల. రెండర్థాలు తీసుకోవడానికి వీలిచ్చిన అందులోని యుగళగీతానికి కుర్రకారు వెర్రెత్తిపోయింది. పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు, వేళ్ల సందుల్లోంచి వింటూనే. మూడేళ్లు తిరక్కుండా 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. సంగీతం ఆ మహదేవనే, పాటలు ఆ వేటూరే, శంకరశాస్త్రి గొంతు ఆ బాలుదే. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు ఆ పాటల్ని మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని సాధన చేసి పాడారు. మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరామ్‌కీ జాతీయ అవార్డులొచ్చాయి. పాశ్చాత్య హోరులో మన సంగీతం కొట్టుకుపోతోందని బాధపడే ఆ సినిమాలో తులసి పాత్ర వేసిన మంజుభార్గవి, అంతకుముందు మనకి క్లబ్బు డాన్సుల్లో కనిపించిన నటే. ఆమె కూచిపూడి నేర్చుకున్న మనిషని ఆ క్లబ్బు పాటలు చూసినప్పుడు ఎవరూ అడగలేదు.

రమేశ్ నాయుడి కథా ఇంతే. 1973లో 'దేవుడు చేసిన మనుషులు' కోసం ఆయన కట్టి, ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన క్లబ్బు పాట ఇవాళ్టికీ పెళ్లి ఆర్కెస్ట్రాల్లో తప్పనిసరి. సరిగ్గా తొమ్మిదేళ్లకి గోదారి గాలి నిండిన 'మేఘసందేశం'కి సంగీతం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. రెండోదానికి శాలువా, మొదటిదానికి చాటు. ఆయన హార్మోనియం ముందు కూర్చుని దేన్నైనా తక్కువ శ్రద్ధతో కట్టారంటే నేను నమ్మను. ఆ క్లబ్బు పాటలో లయ ఎక్కడ బిగిసి ఎక్కడ వదులవుతుందో ఒకసారి చెవి పెట్టి వినండి.

ఈశ్వరి గురించి ఇంకో మాట చెప్పాలి. నవ్వు, నిట్టూర్పు, ఎక్కిళ్లు, గుసగుస — మామూలు గాయకులు పాటకి అడ్డమనుకునేవాటిని ఆమె వాయిద్యాలుగా మార్చుకుంది. శృతి చెక్కుచెదరకుండా నవ్వడం ఎంత కష్టమో పాడేవాళ్లనడిగితే చెబుతారు. తెలుగువాళ్లం ఆమెని రాత్రి పూట పాటల్లోకి నెట్టేశాం. తమిళనాట ఆడి మాసం వస్తే అమ్మవారి గుళ్లలో మైకుల్లోంచి పొద్దున్నే మోగే గొంతు ఆమెదే. కావేరి గట్టున గుళ్లో వినే గొంతు, గోదారి గట్టున తలుపేసుకుని వినే గొంతు ఒకటే.

ప్రభుత్వం కూడా సిగ్గుపడింది

చెవుల మీద కాపలా పెట్టాలన్న సరదా మనుషులకే కాదు, సర్కారుకీ ఉండేది. తెలుగు రంగస్థలానికి ప్రాణం లాంటి హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో గెంటేసింది. మన గమకాలు దాని మెట్ల మీద పలకవని పండితులు చెప్పిన కారణం. సంగీతపరంగా ఆ మాటలో పస ఉంది, కాదనను. కానీ ఆ ముప్పై ఏళ్లూ ఊరూరా పద్యనాటకాల్లో రాయబారం పద్యానికి జనం వన్స్‌మోర్ అని అరుస్తూనే ఉన్నారు, హార్మోనిస్టు ఎత్తుకున్న రాగానికి ఈలలు వేస్తూనే ఉన్నారు. 1970ల మొదట్లో గానీ ఆ నిషేధం సడలలేదు.

1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్‌కి సినిమా పాటంటే పడదు. జనం అభిరుచి బాగుచేస్తానని రేడియోలో సినిమా పాటల్ని తగ్గించేశాడు. జనం బాగుపడ్డారా? రేడియో ముల్లు తిప్పి సిలోన్ స్టేషన్ పట్టుకున్నారు. ఉత్తరాదికి అమీన్ సయానీ 'గీత్‌మాలా' అయితే, మన ఇళ్లలోకి అక్కడి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై తెలుగు వచ్చింది. మన పాట మనం వినడానికి సముద్రం దాటి రావాల్సి వచ్చిన ఆ ముచ్చట అయిదేళ్లు సాగాక 1957 అక్టోబరు 3న ఢిల్లీ దిగొచ్చి వివిధ భారతి మొదలుపెట్టింది. అభిరుచి బాగుచేస్తామని బయల్దేరినవాళ్లందరికీ చివరికి ఇదే గతి పడుతుందేమో, నాకైతే తెలీదు గానీ కేస్కర్‌కి మాత్రం పట్టింది.

మేజువాణి నుంచి వంటింట్లోకి

అసలు కథ ఇక్కడుంది, మన గడ్డ మీదే ఉంది.

ఒకప్పుడు గోదావరి రెండు గట్ల మీదా కలిగినవాళ్ల ఇంట పెళ్లంటే మేళం ఉండి తీరాలి. ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఆడవాళ్లు మేజువాణిలో క్షేత్రయ్య పదాలు, జావళీలు పాడి అభినయించేవారు. మేళం పెట్టకపోతే పెళ్లివారికి పరువు తక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఈ మేళాల మీద కలం దూశాడు. ఆయన లేవనెత్తిన ప్రశ్న ఉత్తది కాదు. ఆ వ్యవస్థలో ఆడపిల్ల బతుకు ఎవరి చేతిలో ఉండేదో చూసినవాళ్లెవరూ దాన్ని తోసిపుచ్చలేరు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. క్రమంగా మేళం ఆగింది.

ఆ తర్వాత మచ్చ ఎవరి మీద మిగిలిందో చూడండి. తాంబూలం ఇచ్చి పిలిపించి, ముందు వరసలో కూర్చుని విన్న పెద్దమనుషుల మీద కాదు. పాడినవాళ్ల మీద మిగిలింది, పాట మీద మిగిలింది. దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు ఈ జిల్లాల్లోని కళావంతుల ఇళ్లకి తిరిగి, 2012లో 'అన్‌ఫినిష్డ్ జెస్చర్స్' అనే పుస్తకం వేశారు. చట్టం వచ్చాక కూడా అక్కడి పెద్దావిడలు ఆ పదాల్ని, జావళీల్ని మరిచిపోలేదు. బయట పాడితే పిల్లల పెళ్లిళ్లు చెడిపోతాయని భయం. అందుకని ఇంట్లోనే, తమలో తామే, తమకోసమే పాడుకున్నారు.

చాటుగా వినే పాట గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం. చాటుగా పాడుకోవాల్సి వచ్చిన వాళ్ల ముందు మన మొహమాటం ఏపాటిది? మన నామోషీ ఎవరైనా చూస్తే పోయేది ఒక నవ్వుతో. వాళ్లది బతుకుతో ముడిపడింది.

గోదావరి జిల్లాల కళావంతుల్లో పెద్దావిడ సరిదె మాణిక్యమ్మ దగ్గర నర్తకి స్వప్నసుందరి ఈ విద్య నేర్చుకుని మళ్లీ వేదికెక్కించారు. దానికి 'విలాసినీ నాట్యం' అని పేరు పెట్టింది ఆరుద్ర. ఇవాళ చెన్నై సభలో కచేరీ చివర ఓ జావళి పాడితే టికెట్టు కొనుక్కుని వింటాం, ఖమాసా బేహాగా అని పక్కవాళ్లతో గొణుగుతాం. అదే జావళి, అదే నాయిక, అదే అలక. మధ్యలో మారిందల్లా పాడే మనిషి ఎవరి పిల్ల అన్నది.

'చింతామణి' నాటకం ముచ్చట కూడా ఈ పక్కదే. కాళ్లకూరి నారాయణరావు దాన్ని వేశ్యావ్యసనం మాన్పించడానికి నూరేళ్ల కిందట రాశారు. జనం బిల్వమంగళుడి పశ్చాత్తాపం కోసం వచ్చారని ఎవరైనా అంటే గోదావరి జిల్లాల్లో నవ్వుతారు. వచ్చింది సుబ్బిశెట్టి కోసం, శ్రీహరి కోసం, చింతామణి వయ్యారం కోసం. ఆడే కొద్దీ నటులు సుబ్బిశెట్టి సీనులో తమ సొంత సరుకు కలుపుకుంటూ పోయారు. ఆ పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పగా, 2022 జనవరి 17న రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. తప్పు చేయవద్దని చెప్పే నాటకాన్ని ఆ తప్పు చూడ్డం కోసమే వందేళ్లు ఆడించుకున్న ఘనత మనది.

సంక్రాంతి పగలు, సంక్రాంతి రాత్రి

కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి ప్రభలు బయల్దేరతాయి. ఏకాదశ రుద్రులు ఒక్కచోట కలిసే ఆ తీర్థానికి ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ, కౌశిక నీళ్లలో దిగి, వరిచేల మధ్య నుంచి తీసుకొస్తుంటే డప్పు మోతకి ఒళ్లు గగుర్పొడుస్తుంది. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఆ ప్రభలే ఢిల్లీ వీధిలో నడిచాయి. ఊరంతా గర్వపడింది.

ఆ పండక్కే, చీకటి పడ్డాక, కోడిపందేల బరికి కాస్త దూరంలో ఇంకో ఆట నడుస్తుంది. రికార్డింగ్ డాన్స్. గ్రామఫోను ప్లేట్ల కాలంలో పుట్టింది గనక ఆ పేరు. ప్లేటు పోయి క్యాసెట్టు, అది పోయి పెన్‌డ్రైవ్ వచ్చినా పేరు మారలేదు. మొదట్లో డూప్ ఎన్టీఆర్, డూప్ ఏఎన్నార్ వచ్చి స్టెప్పులేస్తే పిల్లా మేకా అంతా చూసేవారు. దర్శకుడు వంశీ ఎనభైల చివర్లో 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్' తీశాడు. పసలపూడి మనిషి కనక ఆ ట్రూపు బతుకులో నవ్వునీ ఆకలినీ దగ్గర్నుంచి చూపించాడు. ఆ తర్వాత్తర్వాత అర్ధరాత్రి దాటిన ఆట వేరే దారి పట్టింది. ప్రతి పండక్కీ పోలీసులు హెచ్చరిస్తారు, ప్రతి పండక్కీ ఎక్కడో ఒకచోట జరుగుతుంది.

ఇక్కడ నేను కాస్త ఆగుతాను. ఎందుకంటే పాట విషయంలో మనం పడే సిగ్గులు రెండున్నాయి, రెంటినీ ఒక గాటన కట్టేస్తున్నాం. ఈ పాట ఆటోవాళ్లు వినేది, మేళం వాళ్లు పాడేది, ఫలానా పేట వాళ్లు వాయించేది, మనలాంటివాళ్లం వినొచ్చా అన్నది ఒక సిగ్గు. అది కేవలం అంతస్తు, కులం. డప్పు విషయంలో మనం చేసిందదే. వాయించినవాణ్ణి గుడి బయట నిలబెట్టి, దెబ్బ మాత్రం దేవుడి ముందు వినాలనుకున్నాం. ఈ సిగ్గుని ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిది.

రెండోది వేరు. స్టేజీ మీద ఆడపిల్ల మీద నోట్లు విసిరి ఇంకా ఏదో చెయ్యమని అరుస్తుంటే, లేదా ఒక పాట మాటల్లోనే ఆడమనిషిని సరుకు చేసి అమ్ముతుంటే, అక్కడ లోపల ఏదో గుచ్చుకోవాలి. ఆ గుచ్చుకోవడం అవసరం. కష్టమేమిటంటే మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. మొదటి సిగ్గుతో మంచి పాటని దాచేస్తాం, రెండో సిగ్గు పడాల్సిన చోట ఈల వేస్తాం. పేపర్లో వచ్చే ఫొటోలో తల దించుకుని నిలబడేది కూడా ఆ డాన్సరే, నోట్లు విసిరిన చెయ్యి ఫ్రేములో ఉండదు. మేళం రోజుల్లోనూ ఇంతేనని ఇందాకే చెప్పుకున్నాం.

ఇదంతా మన దగ్గరే ఉన్న జబ్బనుకోనక్కర్లేదు. 1979 జులై 12న అమెరికాలోని చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని గుట్టపోసి పేల్చారు. జనం మైదానంలోకి దూకడంతో ఆ రోజు రెండో ఆట జరగనే లేదు. డిస్కో పుట్టింది నల్లవాళ్లూ, స్వలింగ సంపర్కులూ గుమిగూడే క్లబ్బుల్లో. పేలుడు మందు పాటకే పెట్టారా అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఆ ఏడాదే ఫ్రాన్సులో పియర్ బూర్దియో 'డిస్టింక్షన్' అనే పెద్ద పుస్తకం వేశాడు. 1,217 మందిని మీకే సంగీతం ఇష్టం, ఏ బొమ్మ ఇష్టం అని అడిగి, జవాబుల్ని వాళ్ల చదువుతో, తండ్రుల ఉద్యోగాలతో కలిపి చూశాడు. నచ్చడం, నచ్చకపోవడం అనే మాటల కింద ఎవరు ఎక్కడివాళ్లో చెప్పే లెక్క ఉందన్నాడు. మన సెంటర్లో టీ తాగే ఎవరికైనా తెలిసిన సంగతే, ఆయన పట్టికలు గీశాడు.

ముంగండ పండితుడి తీర్పు

ఇంత దూరం ఎందుకు, ఈ విషయంలో తీర్పు చెప్పగల మనిషి ఈ మండలంలోనే ఉన్నాడు. పి.గన్నవరం మండలం ముంగండ అగ్రహారం జగన్నాథ పండితరాయల ఊరు. పదిహేడో శతాబ్దంలో ఇక్కణ్ణుంచి ఢిల్లీ దాకా వెళ్లి, షాజహాన్ కొలువులో 'పండితరాయ' బిరుదు పొంది, 'రసగంగాధరం' రాశాడు. ఆ దర్బారులో లవంగి అనే ముస్లిం యువతిని ప్రేమించాడనీ, పండితులు వెలివేశారనీ, కాశీలో 'గంగాలహరి' చదువుతుంటే శ్లోకానికో మెట్టు చొప్పున గంగ పైకొచ్చిందనీ కథ. నిజమెంతో గానీ, పదిమంది ఏమనుకుంటారో అన్న భయం లేని మనిషిగా ఆయన్ని జనం గుర్తుపెట్టుకున్నారన్నది నిజం.

కావ్యమంటే ఏమిటన్న ప్రశ్నకి ఆయన జవాబు చాలా పొట్టిది. అందమైన అర్థాన్నిచ్చే మాట కావ్యం. అందమంటే? లోకంలో మామూలుగా దొరకని ఆనందాన్ని కలిగించేది. నీకు కొడుకు పుట్టాడన్నా ఆనందమే, నీకు డబ్బిస్తానన్నా ఆనందమే, కానీ అవి ఆ జాతివి కావన్నాడు. వాటిలో నాకేం ఒరుగుతుందన్న లెక్క ఉంది. పాతవాళ్లు కొందరు దోషం లేనిదే కావ్యమన్నారు. ఈయన ఒప్పుకోలేదు. దోషమున్న కావ్యాన్ని లోకం 'దోషమున్న కావ్యం' అనే అంటోంది, కావ్యం కాదనడం లేదు కదా అని అడిగాడు.

ఈ కొలబద్దని మన పాటల మీద పెట్టి చూస్తే నా మట్టుకు నాకు లెక్క తేలిపోతోంది. అవార్డొచ్చిన సినిమా పాట నాకిష్టం అని పదిమందిలో చెప్పుకోవడంలో ఉండే ఆనందం డబ్బిస్తానన్న మాట లాంటిది, దానితో పరపతి పెరుగుతుంది. ఆటోలో ఎవరూ చూడనప్పుడు వేలు దానంతటదే కదిలిందే, అందులో ఎవరికీ ఏమీ ఒరగదు. పండితరాయలు లోకోత్తరమన్నది అంత చిన్న కదలికకి కూడా వర్తిస్తుందా అంటే, శాస్త్రం బాగా చదివినవాళ్లు నాతో పోట్లాడొచ్చు. నేను వర్తిస్తుందనే అంటాను. క్లబ్బు పాటలో దోషముంటే దోషమున్న పాట అందాం. పాట కాదనీ, మేం వినలేదనీ బుకాయించొద్దు.

చివరిగా ఒక పని. ఈ చాటు సంగీతంలో చాలా భాగం ఎక్కడా రికార్డు కాలేదు. మైక్ సెట్ల వాళ్ల అటకల మీద ప్లేట్లు పాడైపోతున్నాయి. పద్యనాటకాల హార్మోనిస్టులు పెద్దవాళ్లయిపోయారు. అమ్మమ్మ నోట ఉన్న జావళి, మేనత్త పాడే పెళ్లి పాటల్లోని కొంటె చరణం, చిన్నప్పుడు పిల్లల ముందు పాడొద్దని కసిరిన పాట ఇంకా ఎక్కడో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చెయ్యండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో, సుమారుగా ఏ సంవత్సరమో కూడా అడిగి రాసిపెట్టుకోండి. వాళ్లు మొదట "ఛీ, అయ్యన్నీ ఇప్పుడెందుకే" అంటారు. ఇంకోసారి అడగండి.